రాబర్టు బాయిల్

కంటికి కానరాని వస్తువు ఉన్నదని నమ్ముట కష్టము. దానిని కొలిచి లెక్క కట్టుట అంతకంటె కష్టము. మానవుడు పుట్టినది మొదలు గాలిలోనే బ్రతుకుచున్నాడు. అయినను ఆ గాలికి బరువు కలదనియు, అది నొక్కినచో ఒదుగుననియు, విడిచినచో విప్పారుననియు, ఆ ఒదుగుటకును విప్పారుటకును ఒక నియమము కలదనియు లోకమునకు నిశ్చయముగా తెలిసి ఇంకను నాలుగు వందల ఏండ్లు కాలేదు. ఒక గాజు గొట్టము, కొంత పాదరసము, అంతులేని ఓర్పు అను మూడు సాధనములతో ఆ నియమమును స్థాపించిన మహనీయుడు రాబర్టు బాయిల్.

బాయిల్ 1627వ సంవత్సరము జనవరి 25వ తేదీన ఐర్లండు దేశమందలి లిస్మోర్ కోటలో జన్మించెను. తండ్రి రిచర్డు బాయిల్ కార్కు సంస్థానమునకు ప్రభువు. అతడు యౌవనమున కొద్దిపాటి ధనముతో ఐర్లండు చేరి, తన తెలివితేటలచే ఆ దేశమందలి మహాధనికులలో ఒకడైనవాడు. అతని పదునైదుగురు సంతానములో రాబర్టు పదునాలుగవవాడు. బిడ్డలు సిరిసంపదలలో మునిగి సుకుమారులు కాగూడదని తండ్రి తలంచెను. అందుచే పసివాడైన రాబర్టును కోటలో ఉంచక, పల్లెటూరి దాది యింట సామాన్యుల బిడ్డవలె పెంచుటకు పంపెను. ఆ బాలునికి మూడేండ్లు నిండిన కొలది దినములకే తల్లి మరణించెను. తల్లి ముఖమైనను తనకు గుర్తులేదను విచారము అతని మనస్సున జీవితాంతము నిలిచిపోయెను.

బాల్యమున రాబర్టు నత్తిగా మాటాడు పిల్లలను చూచి వేళాకోళమునకై వారిని అనుకరించెడివాడు. అనుకరించగా అనుకరించగా ఆ నత్తి అతనికే పట్టుకొనెను. ఎన్ని చికిత్సలు చేసినను అది అతనిని విడువలేదు. ఇతరుల లోపమును పరిహసించుటకు అది తగిన శిక్షయని అతడే పెద్దవాడైన పిమ్మట భావించెను. నోటిమాట తడబడుటచేతనో యేమో అతనికి చదువుపై మక్కువ హెచ్చెను. ఎనిమిదవయేట అన్న ఫ్రాన్సిస్‌తో గూడ ఇంగ్లండునందలి ఈటన్ పాఠశాలలో చేరెను. అచట ఇతర బాలురు ఆటలాడు వేళలందును అతడు పుస్తకములు విడిచెడివాడు కాడు. ఒకసారి జబ్బుపడగా, మందులవాడు పొరపాటున వేరొక మందు ఇచ్చెను. దానిచే ఆ బాలుడు మిక్కిలి బాధపడెను. నాటినుండి అతడు రోగముకంటె వైద్యులకే ఎక్కువగా భయపడుచుండెను. ఏ వస్తువులో ఏమున్నదో పరీక్షింపక నమ్మరాదను బుద్ధికి ఇదియు ఒక బీజము కావచ్చును.

పండ్రెండవయేట తండ్రి అతనిని అన్నతోగూడ ఐరోపా ఖండమునకు పంపెను. మార్కోంబ్ అను ఫ్రెంచి ఉపాధ్యాయుడు వారివెంట వెళ్లెను. సోదరులిరువురును చాలకాలము జెనీవా నగరమున నివసించి గణితము, ఫ్రెంచి, చరిత్ర మున్నగునవి అభ్యసించిరి. అచట ఒకనాటి రాత్రి భయంకరమైన ఉఱుములు, మెఱుపులతో గాలివాన చెలరేగెను. ప్రళయకాలము వచ్చినదని రాబర్టు భీతిల్లి, ఇకమీదట పవిత్రమైన జీవితము గడపెదనని దైవము ఎదుట ప్రతిజ్ఞ చేసికొనెను. తెల్లవారి ఆకాశము నిర్మలమైన పిమ్మట ఆ ప్రతిజ్ఞను అతడు మఱచిపోలేదు. భయముచే చేసిన ప్రతిజ్ఞ నిలువదనుకొని, ప్రశాంతచిత్తముతో దానిని మరల చేసెను.

1641వ సంవత్సరమున వారు ఇటలీకి పోయి, ఫ్లారెన్సు నగరమున శీతకాలము గడపిరి. ఆ నగర సమీపముననే గెలీలియో తన తుదిదినములు గడపుచుండెను. 1642 జనవరిలో ఆ వృద్ధ శాస్త్రజ్ఞుడు కన్నుమూసెను. బాయిల్ ఆయనను దర్శింపలేదు గాని, ఆయన గ్రంథములను శ్రద్ధతో చదివెను. పూర్వులు చెప్పినదని గాక, ప్రయోగము చూపినదని యే విషయమునైనను అంగీకరింపవలెనను గెలీలియో మార్గము ఆ బాలుని హృదయమున నాటుకొనెను.

ఇంతలో ఐర్లండునందు తిరుగుబాటు సంభవించెను. తండ్రి పంపిన ధనము కుమారులకు చేరలేదు. ఫ్రాన్సిస్ యుద్ధమున పాల్గొనుటకు స్వదేశమునకు మరలెను. రాబర్టు అనారోగ్యముచే జెనీవాలో గురువు ఆశ్రయముననే ఉండవలసివచ్చెను. 1643లో తండ్రి మరణించెను. మరుసటి యేడు పదునేడేండ్ల రాబర్టు ఇంగ్లండు చేరునప్పటికి ఆ దేశము అంతర్యుద్ధముతో అట్టుడికినట్లుండెను. లండనులో అతనిని ఆదరించినది అక్క కాథరిన్. ఆమె విదుషీమణి. ఆమె యింటికి పండితులు, రాజనీతిజ్ఞులు వచ్చుచుండిరి. ఆ తమ్మునికి తల్లిలేని లోటు తీర్చినదియు, విద్యావంతుల స్నేహము కలిగించినదియు ఆమెయే.

తండ్రి యిచ్చిన ఆస్తిలో స్టాల్‌బ్రిడ్జి అను గ్రామమందలి భవనము బాయిల్‌కు సంక్రమించెను. అచట ఆయన రసాయన ప్రయోగములు ఆరంభింప దలచి దూరప్రాంతమునుండి ఒక మట్టికొలిమిని తెప్పించెను. అది త్రోవలోనే ముక్కముక్కలై చేరెను. ఆశలన్నియు కొలిమితోడనే పగిలినట్లు ఆయన దుఃఖించెను. కాని కొలది కాలములోనే మరల సాధనములు సమకూర్చుకొని ప్రయోగశాలను నెలకొల్పెను. పగిలినదానికై విచారించి, పిమ్మట మరల ప్రారంభించుట ఆయన జీవితమున ఇదియే కడపటిసారి కాలేదు.

1656 ప్రాంతమున బాయిల్ ఆక్సుఫర్డు నగరమునకు నివాసము మార్చెను. అచట కొందఱు శాస్త్రాభిమానులు వారము వారము సమావేశమై ప్రకృతి విషయములను చర్చించుచుండిరి. ఆ కాలమున పండితుల నెల్ల కలవరపెట్టుచున్న ప్రశ్న శూన్యమును గూర్చినది. ప్రకృతి శూన్యమును సహింపదని రెండువేల ఏండ్లుగా పండితులు బోధించుచుండిరి. 1643లో ఇటలీ దేశీయుడైన టారిచెల్లి సలహాననుసరించి ఒక ప్రయోగము జరిగెను. ఒకవైపు మూసిన గాజు గొట్టమును పాదరసముతో నింపి, పాదరసపు తొట్టిలో బోర్లింపగా, గొట్టములోని పాదరసము కొంత దిగి సుమారు 30 అంగుళముల ఎత్తున నిలిచిపోయెను. దాని పైభాగమున ఖాళీ ఏర్పడెను. వెలుపలి గాలి తన బరువుచే తొట్టిలోని పాదరసమును నొక్కుటచేతనే గొట్టములోని పాదరసము నిలిచియున్నదని టారిచెల్లి చెప్పెను. 1648లో పాస్కల్ ప్రేరణచే ఫ్రాన్సునందు ఈ గొట్టమును కొండపైకి గొనిపోగా పాదరసపు ఎత్తు తగ్గెను. ఎత్తునకు పోయిన కొలది పైనున్న గాలి తక్కువగుట దీనికి కారణము. అయినను పెక్కుమంది పండితులు దీనిని ఒప్పుకొనలేదు.

జర్మనీలో ఆటోఫాన్ గెరిక్ అనునతడు ఒక పాత్రనుండి గాలిని తోడివేయు యంత్రము నిర్మించెనను వార్త బాయిల్ చెవినబడెను. ఆ యంత్రమును నడపుటకు బలవంతులైన మనుష్యులు కావలెను. లోపల ఏ వస్తువునైనను ఉంచి పరీక్షించుటకు వీలులేదు. ఈ లోపములు లేని యంత్రము కావలెనని బాయిల్ సంకల్పించెను. ఆయన వద్ద సహాయకుడుగానున్న రాబర్టు హుక్ అను యువకుడు యంత్రనిర్మాణమున అసమాన ప్రతిభ కలవాడు. అతని నేర్పుచే 1659లో చక్కని వాయుపంపు సిద్ధమైనది. పైన పెద్ద గాజు గోళము, దాని క్రింద ఇత్తడి స్తంభకము, అందులో పైకి క్రిందికి ఆడు ముషలకము ఉండెను. పిడి త్రిప్పిన కొలది గోళములోని గాలి బయటికి వచ్చుచుండెను.

ఆ గోళమున బాయిల్ అనేక పరీక్షలు జరిపెను. వెలుగుచున్న క్రొవ్వొత్తి నుంచి గాలిని తీయగా అది ఆరిపోయెను. గడియారమును దారముతో వ్రేలాడదీసి గాలిని తీయగా దాని టికటిక శబ్దము క్రమముగా క్షీణించెను. గాలి లేనిచోట ప్రాణులు బ్రతుకజాలవని తెలిసెను. గొఱ్ఱెపిల్ల మూత్రాశయపు తిత్తిలో కొంచెము గాలి నుంచి మూతికట్టి గోళములో ఉంచెను. చుట్టునున్న గాలిని తీసిన కొలది ఆ వాడిన తిత్తి దానంతట అదియే ఉబ్బెను. గాలిని మరల విడువగా తిత్తి ముడుచుకొనెను. టారిచెల్లి గొట్టమును గోళములో నిలిపి గాలిని తీయగా పాదరసము తొట్టి మట్టమువఱకు ఇంచుమించుగా దిగిపోయెను. ఒత్తిపెట్టిన ఉన్ని చేయి తీయగనే విప్పారునట్లు గాలికిని సాగి విప్పారు గుణము కలదని బాయిల్ గ్రహించెను. దీనికి గాలి స్ప్రింగు అని పేరుపెట్టెను. నలుబదిమూడు ప్రయోగములను వర్ణించుచు ఆయన రచించిన గ్రంథము 1660లో వెలువడెను.

సత్యమును చెప్పినవానికి విరోధులు పుట్టుట లోకసహజము. హాబ్సు అను ప్రఖ్యాత తత్త్వవేత్త బాయిల్ యంత్రమున గాలి కారుచుండుననియు, అందు శూన్యము ఏర్పడుట కల్ల యనియు ఆక్షేపించెను. లైనస్ అను మతాచార్యుడు మఱియొక వాదము లేవదీసెను. గాలికి కొంత స్ప్రింగు గుణము ఉన్నను, 29 అంగుళముల పాదరసమును నిలుపునంతటి బలము దానికి లేదని ఆయన చెప్పెను. పాదరసమునకును గొట్టపు పైకొనకును మధ్య కంటికి కనబడని దారమువంటి పదార్థము ఉండి పాదరసమును పైకి పట్టి లాగుచున్నదని ఆయన వాదించెను. గొట్టము పైకొన తెఱచి వ్రేలితో మూసినచో వ్రేలు లోనికి లాగినట్లగుట ఇందుకు నిదర్శనమనెను.

బాయిల్ ఇందుకు కోపగింపలేదు. ప్రత్యర్థిని నిందించుట శాస్త్రమునకు నిరుపయోగమని ఆయన నమ్మకము. వాదమునకు సమాధానము వాదము కాదు, ప్రయోగము. గాలి 29 అంగుళముల పాదరసమునే గాక అంతకు రెట్టింపును, నాలుగింతలను గూడ నిలుపగలదని చూపినచో కనబడని దారముతో పనియే ఉండదు. ఇట్లు ఆలోచించి ఆయన పొడవైన గాజు గొట్టమును చేయించెను. దాని అడుగుభాగము వంచి పైకి త్రిప్పబడెను. పొట్టి భుజము కొన మూయబడెను. పొడవైన భుజము కొన తెఱచియుండెను. పొడవైన భుజమునుండి పాదరసము పోయగా పొట్టి భుజములోని గాలి చిక్కుకొని నొక్కబడును.

మొదటి ప్రయత్నమున గాలి సగమునకు ఒదిగినంతలోనే గొట్టము పగిలెను. పాదరసము నేల పాలయ్యెను. బాయిల్ వెనుదీయక రెండవ గొట్టమును చేయించెను. అది గదిలో పట్టనంత పొడవుగానుండుటచే వెలుతురు బాగుగానున్న మేడమెట్లవద్ద దానిని దారములతో వ్రేలాడదీసిరి. మరల పగిలినను పాదరసము పోకుండుటకై వంపుభాగమును ఒక చెక్కపెట్టెలో ఉంచిరి. ఒకరు మెట్లపైన నిలిచి పాదరసమును కొంచెము కొంచెముగా పోయుచుండగా, క్రింద నొకరు వంగి పొట్టి భుజములోని గాలి ఎంత ఒదిగెనో చూచి చెప్పుచుండిరి. ప్రతి గుర్తువద్దను ఆగి రెండు భుజములలోని పాదరసపు మట్టముల భేదమును వ్రాసికొనిరి.

ఆనాడు బయటి గాలి పీడనము 29 1/8 అంగుళముల పాదరసమునకు సమానము. మొదట పొట్టి భుజములోని గాలి 12 అంగుళముల పొడవున ఉండెను. అది 6 అంగుళములకు ఒదిగినప్పుడు పాదరసపు మట్టముల భేదము 29 11/16 అంగుళములు. ఇచట ఒక విషయము గమనింపదగినది. తెఱచియున్న భుజముపై బయటి గాలియు నొక్కుచునే యున్నది. కావున పాదరసపు భేదమునకు బయటి గాలి పీడనమైన 29 1/8ని గూడ కలుపవలెను. అప్పుడు మొత్తము పీడనము 58 13/16 అంగుళములగును. గాలి 3 అంగుళములకు ఒదిగినప్పుడు మట్టముల భేదము 88 7/16. మొత్తము పీడనము 117 9/16 అంగుళములు. ఘనపరిమాణము సగమైనప్పుడు పీడనము రెండింతలైనది, నాలుగవవంతైనప్పుడు నాలుగింతలైనది. ఘనపరిమాణమును పీడనముతో గుణించి చూచినచో ఈ సంగతి మఱింత స్పష్టమగును. మొదట ఆ లబ్ధము సుమారు 350. రెండవసారి సుమారు 353. మూడవసారియు సుమారు 353. లబ్ధము మారుట లేదు. అనగా పీడనమును ఘనపరిమాణమును విలోమానుపాతమున ఉండును. బయటి గాలి పీడనమును కలుపుట మఱచినవారికి ఈ లెక్క కుదురదు. అట్టివారికి ఘనపరిమాణము సగమైనప్పుడు పీడనము 29 11/16, దానిలో సగమైనప్పుడు 88 7/16 అనగా ఇంచుమించు మూడింతలు అయినట్లు తోచును.

లెక్కప్రకారము సరిగా రెండింతలైనచో 58 1/4 అంగుళములు, నాలుగింతలైనచో 116 1/2 అంగుళములు రావలెను. కంటితో చూచిన అంకెలు వానికంటె కొంచెము హెచ్చు. ఈ భేదమును కప్పిపుచ్చుటకు బాయిల్ యత్నింపలేదు. తాను చూచిన అంకెలను ఒక వరుసలోను, లెక్కప్రకారము రావలసిన అంకెలను వేఱొక వరుసలోను ప్రక్కప్రక్కనే ముద్రించెను. ఇట్టి ప్రయోగములలో కొలతలయందు స్వల్ప దోషములు తప్పవని ఒప్పుకొనెను. చదువువారే రెండు వరుసలను పోల్చి తీర్పు చెప్పుకొనవలెనని ఆయన ఉద్దేశము. పిమ్మట గాలిని విప్పారజేసి తక్కువ పీడనములయందును పరీక్షించెను. ఒక అంగుళపు గాలిని 32 అంగుళములవఱకు విప్పార్చి చూచినప్పుడును అదే నియమము ఇంచుమించుగా కానవచ్చెను.

ఈ ఫలితములు 1662లో ఆయన గ్రంథము రెండవ ముద్రణమున వెలువడెను. 117 అంగుళములకు మించిన పాదరసపు బరువును గాలి తన బలముతోనే ఓర్చినదని చూపిన తరువాత 29 అంగుళములకు కనబడని దారమేల? లైనస్ వాదము నిలువలేకపోయెను. అయినను బాయిల్ విజయగర్వమును చూపలేదు. అంతేకాదు, పీడనమునకును ఘనపరిమాణమునకును విలోమ సంబంధము ఉండవచ్చునను ఊహ తనకు ముందు రిచర్డు టౌన్లీ అను పెద్దమనిషికి తోచినదని ఆ గ్రంథముననే ప్రకటించెను. టౌన్లీ తన మిత్రుడైన హెన్రీ పవర్‌తోగూడ 1661లో ఒక కొండపై గాలి ప్రయోగములు చేసియుండెను. ఆ మాట చెప్పకున్నను బాయిల్‌ను అడుగువారు లేరు. ఇతరుని పాలు ఇతరునికి ఇచ్చుట ఆయనకు సహజగుణము.

కొన్ని సంవత్సరముల పిమ్మట ఫ్రాన్సునందు మేరియట్ అను శాస్త్రజ్ఞుడును ఈ నియమమునే ప్రకటించెను. అందుచే ఐరోపాలో కొన్నిచోట్ల దీనిని మేరియట్ నియమమనియు వ్యవహరింతురు. స్థిరమైన ఉష్ణోగ్రతవద్ద నిర్ణీత ద్రవ్యరాశిగల వాయువు యొక్క ఘనపరిమాణము దాని పీడనమునకు విలోమానుపాతమున ఉండునని నేటి పాఠ్యగ్రంథములలో చదువు బాయిల్ నియమము ఇదియే. ఇందు ఉష్ణోగ్రత స్థిరముగా ఉండవలెనను నిబంధన ముఖ్యమైనది. వేడిచే గాలి వ్యాకోచించునని బాయిల్ ఎఱుగును గాని, దానికి లెక్క కట్టలేదు. ఆ పని సుమారు నూటనలుబది ఏండ్లకు ఫ్రాన్సులో నెరవేరెను. 1787లో చార్లెస్ ఆ ప్రయోగములు చేసి ప్రకటింపక ఊరకుండెను. 1802లో గేలూసాక్ వానిని విరివిగా చేసి, పీడనము స్థిరముగానున్నప్పుడు ప్రతి వాయువును ఉష్ణోగ్రతనుబట్టి ఒకే రీతిగా వ్యాకోచించునని ప్రకటించెను. సున్న డిగ్రీల సెంటిగ్రేడు వద్దనున్న ఘనపరిమాణములో ఒక్కొక్క డిగ్రీకి సుమారు 273వ వంతు పెరుగునని నేడు తెలియును. గేలూసాక్ కూడ బాయిల్ వలెనే, తనకు ముందు చార్లెస్ కృషిచేసెనని చెప్పి ఆయనకు కీర్తి దక్కునట్లు చేసెను.

బాయిల్ నియమము నిత్యజీవితమున అడుగడుగునను కనబడుచున్నది. సైకిలు పంపు మూతిని వ్రేలితో మూసి పిడిని మెల్లగా నొక్కినచో, గాలి మూడవవంతునకు ఒదిగినప్పుడు దాని పీడనము మూడింతలగును; వ్రేలు ఆ బలమును ఎఱుగును. వేగముగా నొక్కినచో గాలి వేడెక్కును గనుక నియమము సరిగా కుదురదు. వేడి చల్లారువఱకు ఆగవలెను. నీటిలో సుమారు 10 మీటర్ల లోతున, నీటి పీడనమును బయటి గాలి పీడనమును కలిసి, ఉపరితలమందలి పీడనమునకు రెండింతలగును. కావున బోర్లించిన చెంబును అంతలోతునకు దింపినచో అందలి గాలి సగమునకు ఒదిగి, మిగిలిన సగమున నీరు నిండును. అంతలోతునుండి బయలుదేరిన గాలిబుడగ పైకి వచ్చునప్పటికి రెండింతలగును. ఈ కారణముచేతనే లోతున శ్వాసయంత్రముతో గాలి పీల్చు ఈతగాండ్రు ఊపిరి బిగబట్టి పైకి రాగూడదు. ఊపిరితిత్తులలోని గాలి విప్పారి వారికి ప్రాణాపాయము కలుగును.

గాలి ఇట్లు ఏల ప్రవర్తించునో 1738లో డేనియల్ బెర్నూలీ వివరించెను. వాయువు మిక్కిలి వేగముతో పరుగెత్తు సూక్ష్మకణముల సముదాయము. ఆ కణములు పాత్ర గోడలను కొట్టుటయే పీడనము. చోటు సగమైనప్పుడు అవి గోడలను రెండింతలు తఱచుగా కొట్టును. మిక్కిలి హెచ్చు పీడనములయందును, మిక్కిలి తక్కువ ఉష్ణోగ్రతలయందును వాయువులు ఈ నియమమును ఖచ్చితముగా పాటింపవని తరువాతి శాస్త్రజ్ఞులు కనుగొనిరి. అయినను సామాన్య పరిస్థితులలో బాయిల్ లెక్క నేటికిని చెల్లుచున్నది.

బాయిల్ కృషి గాలితో ముగియలేదు. 1661లో ఆయన ప్రకటించిన సంశయవాది రసాయనజ్ఞుడు అను గ్రంథము, భూమి, జలము, అగ్ని, వాయువులే సర్వమునకు మూలములను ప్రాచీన మతమును ప్రశ్నించి రసాయనశాస్త్రమునకు క్రొత్త బాట చూపెను. కొన్ని పువ్వుల రసము ఆమ్లములలో ఎఱ్ఱగాను, క్షారములలో ఆకుపచ్చగాను మారుటను గమనించి, దానిచే ద్రవములను పరీక్షించు పద్ధతిని ప్రచారముచేసెను. సఫలమైన ప్రయోగములనే గాక విఫలమైనవానిని గూర్చియు ఆయన వ్యాసములు వ్రాసెను. ఒకరి వైఫల్యము తెలిసినచో మఱియొకరి శ్రమ తగ్గునని ఆయన తలంపు.

1660 నవంబరులో లండనునందు రాయల్ సొసైటీ అను శాస్త్రజ్ఞుల సంఘమునకు పునాది వేసినవారిలో బాయిల్ ఒకడు. ఆ సంఘమునకు ప్రయోగములు చూపువాడొకడు కావలసిరాగా, 1662లో తనకు కుడిభుజమువంటి హుక్‌ను సంతోషముతో ఆ పనికి విడిచిపెట్టెను. 1680లో ఆ సంఘమునకు అధ్యక్షునిగా ఎన్నుకొనగా, అందుకు చేయవలసిన ప్రమాణములు తన మనస్సాక్షికి సరిపడవని ఆ పదవిని నిరాకరించెను. ఈటన్ పాఠశాలాధిపత్యమును గూడ స్వీకరింపలేదు. ప్రభు బిరుదులను కోరలేదు.

1668 నుండి ఆయన లండనులో అక్క కాథరిన్ యింటనే నివసించెను. వివాహము చేసికొనలేదు. 1670లో పక్షవాతము వచ్చెను. చూపు మందగించెను. ఆయన చెప్పుచుండగా ఇతరులు వ్రాసిపెట్టెడివారు. శరీరము సహకరింపకున్నను ప్రయోగములు మానలేదు. ఇరువదిమూడు సంవత్సరములు ఆ అక్కాతమ్ములు ఒకే యింట కలిసి బ్రతికిరి. 1691 డిసెంబరు 23వ తేదీన కాథరిన్ మరణించెను. ఆ దుఃఖమునుండి బాయిల్ కోలుకొనలేదు. ఒక వారము గడచినదో లేదో, ఆ నెల చివరి దినములలో ఆయనయు కన్నుమూసెను. ఇరువురిని ఒకే దేవాలయమున సమాధి చేసిరి. పిమ్మట కొన్నాళ్లకు ఆ దేవాలయమును పడగొట్టి క్రొత్తది కట్టిరి. బాయిల్ సమాధి గుర్తు నేడు లేదు.

సమాధి చెదరిపోయినను, మేడమెట్లవద్ద వ్రాసికొన్న ఆ రెండు వరుసల అంకెలు చెదరలేదు. ఏ పాఠశాలలోనైనను ఒక బాలుడు పీడనమును ఘనపరిమాణముతో గుణించి లబ్ధము మారుట లేదని కనుగొన్నప్పుడు బాయిల్ ప్రయోగము మరల జరుగుచున్నది. గొట్టము పగిలినచో మఱియొకటి చేయించుట, చూచినదానినే వ్రాయుట, తప్పులను దాచకుండుట, ఇతరుల ఋణమును ఒప్పుకొనుట అనునవి ఆయన జీవితము బోధించు పాఠములు. వాయువుల నియమముతోపాటు ఈ నియమములను గూడ నేర్చినవారే నిజమైన శాస్త్రవిద్యార్థులు.